కారం పెట్టిన ఎర

సముద్రపు ఒడ్డు చూసి చేప ఎక్కడుంటుందో చెప్పడం నాకు బాగా వచ్చు. పట్టడమే రాదు. ఈ రెండింటికీ మధ్య తేడా అంత పెద్దదేమీ కాదని నేను చాలాకాలం నమ్మాను. మా బావ మాత్రం ఒక్కరోజు కూడా నమ్మలేదు.

తొంభైల చివర్లో నేను ప్రత్తిపాడులో సోషలు మాస్టారిని. నల్లరేగడిలో పుట్టి పెరిగినవాణ్ణి. మా వైపు నీళ్ళంటే మిరప తోటల బోదెల్లో పారేవి, లేదంటే వానాకాలం చెప్పులకు బురదై అంటుకునేవి. అలాంటివాడికి సముద్రం పిచ్చి పట్టడానికి కారణం మా బడిలో డ్రిల్లు మాస్టారు. నేవీలో చేసి వచ్చినాయన. ఆదివారాలు చీరాల వైపు వెళ్ళి తీరంలో గాలం వేసేవాడు. ఓసారి తోడు రమ్మంటే, ఇంట్లో బియ్యం ఏరే పని తప్పుతుందని వెళ్ళాను.

మా తీరమంతా ఇసుకే. రాళ్ళు కావాలంటే ఒక్కటే చోటు. మురుగు కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒడ్డు కోసుకుపోకుండా పెద్ద పెద్ద బండలు వరసగా నీళ్ళలోకి పోశారు. డ్రిల్లు మాస్టారు అక్కడికి చేరగానే గాలం విసిరేవాడు కాదు. ఎత్తయిన బండ ఎక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని, చాలాసేపు ఊరికే చూసేవాడు. తర్వాత నాకు పాఠం చెప్పేవాడు.

"అల ఎక్కడ తెల్లగా విరుగుతుందో అక్కడ లోతు లేదు మాస్టారూ, అడుగున ఇసుక దిబ్బ ఉంది. రెండు తెల్లటి చోట్ల మధ్య అల విరక్కుండా నీళ్ళు నల్లగా ఉన్నాయి చూశారా? అది లోతు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు తిరిగి వెళ్ళిపోయే దారి. నురుగు కూడా అటే పోతుంది, గమనించండి. చేప ఆ తెలుపుకీ నలుపుకీ మధ్య అంచున కాచుకుని ఉంటుంది. అల కదిపి తెచ్చిన తిండి దాని నోటిదగ్గరికే వస్తుంది."

బండల మీద పాచి ఎంత ఎత్తు దాకా పట్టిందో చూసి పోటు ఎక్కడిదాకా వస్తుందో చెప్పేవాడు. గుల్లలు కరుచుకుని ఉన్న బండల మధ్య గాలం వేస్తే తీగ తెగుతుందనేవాడు. కాలవ మట్టినీళ్ళూ సముద్రం నీళ్ళూ కలిసేచోట గీత గీసినట్టు కనబడుతుందే, దాని వెంబడి వెయ్యమనేవాడు. నాకు మతిపోయింది. బళ్ళో ఇన్నేళ్ళూ పిల్లలకి మ్యాపులు చూపించి తీరమైదానాలని పాఠం అప్పజెప్పించాను కదా, ఏనాడూ తీరాన్ని చూసిన పాపాన పోలేదు.

ఆ మర్నాటినుంచి నేను ఆగలేదు. స్టాఫ్ రూములో, పెళ్ళి భోజనాల్లో, మంగలి షాపులో, ఎక్కడ నాలుగు చెవులు దొరికితే అక్కడ సముద్రం గురించి ఉపన్యాసం. డ్రిల్లు మాస్టారు బదిలీ అయి వెళ్ళిపోతూ తన గాలం కర్ర నాకిచ్చేశాడు. నిలువెత్తు కర్ర, దానికో రీలు. దాంతో నా కోతలు ఇంకాస్త పెరిగాయి. కర్ర చేతికొచ్చాక నేను పట్టిన సరుకు చెబుతాను, వినండి. ఒక జెల్ల చేప. తనంతట తానే తీగని కరుచుకుని వచ్చిన ఒక పీత. ఒక హవాయి చెప్పు, ఎడమకాలిది.

మా బావకి ఆ చెప్పు ఒక్కటి చాలు. అక్క మొగుడు, పక్క ఊళ్ళో పత్తీ మిరపా వేసే రైతు. బామ్మర్దిని ఏడిపించడం కోసమే పుట్టినట్టుండేవాడు. ఏ శుభకార్యంలో కనబడ్డా, అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నాక, బంతి ఆ చివరినుంచి కేకేసేవాడు. "ఏరా బామ్మర్దీ, రెండో చెప్పు పడిందా? జత కుదిరితే చెప్పరా, నేనేసుకుంటా!" బంతంతా గొల్లుమనేది. నాకు ఒళ్ళు మండిపోయేది. పులిహోర గొంతు దిగేది కాదు. ఈ మనిషి నోరు ఎప్పుడు మూతపడుతుందా అని అనుకున్నాను కూడా.

మూతపడింది.

ఆ ఏడు బావ మిరప మానేసి ఉన్నదంతా పత్తే వేశాడు. చేను నడుంలోతు పెరిగి, కాయ పట్టి, చూసినవాళ్ళు దిష్టి తగులుతుందనేలా ఉంది. పచ్చపురుగు దిగింది. ఒక మందు కొట్టాడు, చావలేదు. ఇంకో మందు కొట్టాడు, చావలేదు. రెండు మందులూ కలిపి కొట్టాడు. పురుగు కాయలోకి దూరి హాయిగా తింటూ కూచుంది. చివరికి కట్టె పీకించి గట్టుమీద కుప్పేయించాడు. ఆ రోజు ఇంటికొచ్చి వసారాలో మంచం మీద కూర్చున్నవాడు మాట మానేశాడు.

ఒక్క బావే కాదు, ఆ ఏడు మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ అలాగే ఉన్నాయి. పురుగుని చంపని మందు మనిషిని చంపుతోంది. పొద్దున్నే ఎవరైనా గబగబా నడిచొస్తుంటే, ఏ ఊరినుంచి ఏం కబురు మోసుకొస్తున్నాడోనని గుండెలు పట్టుకునేవాళ్ళం.

ఒక మధ్యాహ్నం అక్క బస్సు దిగి, చంకలో గోతం మూటతో మా ఇంటికొచ్చింది. మూటలో పాత చీర, చీరలో చుట్టిన మందు డబ్బాలు. వాసన వీధిలోకే వచ్చింది.

"అటక మీద పెట్టరా," అంది. "మీ బావ పడుకున్నప్పుడు తెచ్చా. అడిగితే నాకు తెలవదంటా."

అటకెక్కి, మూటని గాలం కర్ర పక్కన పెట్టాను. దిగేసరికి అక్క నేలమీద చతికిలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"నాతో మాట్లాడడు, పిల్లలతో మాట్లాడడు. కంచం ముందుపెడితే తింటాడు, లేపోతే లేదు. ఎటన్నా తీసకపోరా ఒక్కరోజు. నాలుగు మాటలు మాట్లాడించరా. నీతో అయితే మాట్లాడతాడు, నిన్ను చూస్తే ఊరుకోలేడు కదా."

నిన్ను చూస్తే ఊరుకోలేడు! నా జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క యోగ్యతాపత్రం అది. నన్ను చూస్తే మనుషులకు నవ్వొస్తుంది. సరే, పనికొస్తే అదే చాలు. మా బావ మళ్ళీ నలుగురిలో నా పరువు తీస్తే బాగుండునని, అప్పటిదాకా ఏ దేవుణ్ణీ పెద్దగా పట్టించుకోని నేను మొక్కుకున్నాను.

సముద్రానికి తీసుకెళ్దామని తోచింది. ఇంకేం తోచలేదు, నాకు తెలిసింది అదొక్కటే. శనివారం సాయంత్రం సైకిలు మీద చేపలమ్మే అతని దగ్గర రొయ్యలు కొని, గాలం కర్రా సంచీ వేసుకుని అక్క వాళ్ళింటికి వెళ్ళాను. పొద్దున్నే అక్కడినుంచే బయల్దేరాలి. "ఇయి పొద్దుటిదాకా జాగ్రత్తగా ఉంచక్కా," అని రొయ్యలు అక్క చేతిలో పెట్టాను. బావకి రేపు సముద్రానికి పోదామని చెప్పాను. ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. పొద్దున మాత్రం నేను లేచేసరికి చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

బస్సులో కండక్టరు నా కర్రని కిందనుంచి పైదాకా చూశాడు. "ఏంటండీ మాస్టారూ, టీవీ యాంటెన్నా బాగుచేయించడానికి పట్టుకెళ్తున్నారా?"

బస్సంతా నవ్వింది. నేను ఓరకంట బావని చూశాను. ఇంతకుముందైతే ఆ ఒక్క మాట పుచ్చుకుని చీరాల దాకా నన్ను ఉతికి ఆరేసేవాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి బస్సులో సగంమంది తుమ్ముతున్నారు. బావ తుమ్మలేదు. రెండు బస్సులు మారి, చీరాలలో ఆటో ఎక్కి, తీరంలో ఇసకలో నడిచి, బండల దగ్గరికి చేరేవరకూ ఆయన నోటినుంచి ఒక్క మాట రాలేదు.

నేను మాత్రం ఆగితే ఒట్టు. ఎత్తయిన బండ ఎక్కాను. డ్రిల్లు మాస్టారిలాగే నడుం మీద చేతులు పెట్టుకున్నాను. "చూడు బావా, అదుగో తెల్లగా విరుగుతుందే, అక్కడ లోతు లేదన్నమాట. ఇదుగో, ఈ పాచి చూశావా..." అంటూ మొదలుపెట్టాను. పోటు గురించి చెప్పాను, చంద్రుడి గురించి చెప్పాను, అవసరం లేకపోయినా రుతుపవనాల గురించి చెప్పాను. నా వాగుడు నాకే విసుగనిపించింది. బావ కిందిబండ మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. ఇంట్లో డబ్బాలు దాచి ఇంత నీటి ఒడ్డుకి తీసుకొచ్చాను, నేనేం మనిషినిరా అనిపించింది. గబగబా దిగి ఆయన పక్కనే, భుజాలు తగిలేలా కూర్చున్నాను.

ఏదో ఒక పని చెయ్యాలి కదా. సంచీలోంచి అక్క ఇచ్చిన స్టీలు డబ్బా తీసి మూత తెరిచాను.

ఎర్రగా ఉంది.

రొయ్యలు ఒలిచి, కడిగి, ఉప్పూ పసుపూ కారమూ అల్లంవెల్లుల్లీ పట్టించి ఉన్నాయి. పొయ్యిమీద బాణలి పెడితే వేపుడే. తప్పు అక్కది కాదు. ఎర అని నేను చెప్పి చావలేదు. మా వైపు రొయ్యలు గడప దాటి లోపలికొస్తే మరుక్షణం ఉప్పూ కారం పడాల్సిందే, ఫ్రిజ్జులేని కొంపలో పొద్దుటిదాకా జాగ్రత్త పెట్టమంటే ఇంకెలా జాగ్రత్త పెడతారు? ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను వెర్రిమొహం వేశాను.

బావ తల తిప్పాడు. వంగి వాసన చూశాడు. చిటికెన వేలితో కాస్త కారం తీసి నాలుకకి రాసుకున్నాడు.

"మన కాయ కాదు," అన్నాడు. "కొన్న కారం."

ఎన్నాళ్ళకో విన్న మాట! కానీ నా ప్రాణం ఉసూరుమంది. మిరప రైతు ఇంట్లో కారం కొనుక్కోవడం ఏంటి? ఆ ఏడు ఆయన మిరప వెయ్యలేదు కదా. అక్క దుకాణంలో కొన్నది. ఆయన మళ్ళీ నీళ్ళకేసి తిరిగాడు. మొహం ఇంకా నల్లబడింది. మాట్లాడించరా అంటే నేను చేసిన నిర్వాకం ఇది.

నాకు నామీదే కోపమొచ్చింది. రొయ్యల్ని ఉప్పునీళ్ళలో కడిగాను. అల్లం పోయింది, కారం పోలేదు. ఉన్నదాన్నే గాలానికి గుచ్చాను. ఎండ నెత్తికెక్కుతోంది. నుదుటి చెమట కంట్లోకి జారింది. తుడుచుకున్నాను, ఆ చేత్తోనే.

గుంటూరు వాళ్ళకి కారం గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. "చచ్చాన్రో బావోయ్!" అని ఒక్క గావుకేక పెట్టాను. రెండో కన్ను కూడా దురదపెడితే రెండో చేత్తో నలిపాను, అదీ కారం చెయ్యే. సముద్రం నీళ్ళు కొట్టుకున్నాను, ఉప్పు తోడైంది. అడుగు తెలియక పాచి బండ మీద జారాను. వెనకనుంచి ఎవరో నా కాలరు పట్టుకుని గుంజారు.

"కూచో," అన్నాడు బావ. "కదిల్తే చంపుతా."

మంచినీళ్ళ సీసా నా మొహాన గుమ్మరించి, తన కండువా కళ్ళకి కట్టాడు. కళ్ళు తెరిచే మాటే లేదు. సముద్రాన్ని చదివే మొనగాణ్ణి, గంతలు కట్టుకుని సముద్రం ముందు కూర్చున్నాను. ఇంటికి పోదామని ఆయనే అంటాడనుకున్నాను. అనలేదు. నాకు మొండితనం వచ్చింది.

"బావా, గాలానికి ఎర గుచ్చే ఉంది. నువ్వే విసురు. నాకు కనపడదు, నువ్వే చూసి చెప్పు. తెల్లటి అల ఎక్కడుంది?"

చాలాసేపు అల చప్పుడే వినబడింది.

"అంతా తెల్లగానే ఉంది," అన్నాడు.

"అంతా ఎట్టా ఉంటుంది? సరిగ్గా చూడు బావా."

"నువ్వేగా ఇందాకట్నుంచి వాగింది? నీకే తెలవాలి."

"కళ్ళు పోయినయ్ కదా నాకు!"

బండమీద ఆయన లేచిన చప్పుడు వినిపించింది. ఎత్తుమీదికి ఎక్కినట్టున్నాడు, మాట పైనుంచి వచ్చింది. "ఎడంపక్క తెల్లగా ఉంది. కుడిపక్క తెల్లగా ఉంది. మధ్యలో ఇట్టా... ఏందిరా ఇది, బోదె తీసినట్టుంది. నీళ్ళు ఎనక్కి పోతన్నయ్. నురగ కూడా అటే పోతంది."

"అదే! అదే బావా! ఆ బోదెలో కాదు, బోదె గట్టుమీద పడాలి ఎర!"

"గట్టుమీదంటే ఏ గట్టు?"

"ఏదో ఒక గట్టు! వెయ్యి!"

ఆయన అంతకుముందు గాలం కర్ర ముట్టుకుని ఎరగడు. కర్ర వెనక్కి తీసిన గాలి చప్పుడు నా చెవి పక్కగా పోయింది. ఆ వెంటనే నా చొక్కా వీపు దగ్గర గట్టిగా పట్టేసి, కాలరు గొంతుకి బిగిసింది. నేను వెనక్కి పడబోయాను.

"పడిందిరోయ్!" అని అరిచాడు.

"ఏంటి బావా, ఏం పడింది?"

"బామ్మర్ది పడ్డాడు!"

అని ఒక నవ్వు నవ్వాడు. ఎన్నాళ్ళుగా లోపల పెట్టుకున్నాడో ఆ నవ్వు. "కారం కూడా పెట్టే ఉంది, ఏపుకోటమే ఆలీసెం," అంటూ మళ్ళీ నవ్వాడు. నేనూ నవ్వాను, చొక్కా చినిగినా సరే. నా జన్మలో ఎవరైనా నన్ను వెక్కిరిస్తే అంత సంతోషపడలేదు. ఆ నవ్వు చాలాసేపు సాగి, ఎక్కడో గొంతు మారింది. బావ ఏడుస్తున్నాడు. పెద్దగా, పిల్లాడిలా ఏడ్చాడు. నా కళ్ళకి గంతలున్నాయి కాబట్టి నేను చూడలేదు. చూడకపోవడమే మంచిదైంది, నేను చూస్తుంటే ఏడ్చేవాడు కాదు. తడుముకుంటూ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను. నా కళ్ళూ కారుతూనే ఉన్నాయి, నాకైతే కారం అని చెప్పుకోవడానికి ఉంది.

తర్వాత నా చొక్కాలోంచి గాలం ఊడదీసి, మళ్ళీ విసిరాడు. ఈసారి ముందుకే వెళ్ళింది. కాసేపటికి రీలు గిర్రున తిరిగింది. "ఒరేయ్, గుంజుతందిరా! ఏం చెయ్యాల్రా? చెప్పరా!" అంటాడు. ఏం చెయ్యాలో నాకు నిజంగా తెలిస్తే కదా, పడిన చేపతో నాకేమంత అనుభవం! "వదలమాక బావా!" అని మాత్రం అరుస్తూ కూర్చున్నాను. ఆయనా అరుస్తూనే లాగాడు. ఏం చేపో ఇద్దరికీ తెలియదు. తిరిగొచ్చేటప్పుడు ఆటో అతను చూసి, "పండుగప్పండీ, మంచి చేపే," అన్నాడు. మూరెడుంది.

ఆ రాత్రి బావ కంచం ముందు కూర్చుని, అక్కకీ పిల్లలకీ కథ చెప్పాడు. అందులో నేను నాలుగుసార్లు సముద్రంలో పడ్డాను. చేప ఎలా పడిందంటే, వీడి కళ్ళు మూతపడబట్టి పడిందన్నాడు. తెలుపూ నలుపూ అంతా ఒట్టిదనీ, అక్క పెట్టిన కారానికి ఆశపడి వచ్చిందనీ తేల్చేశాడు. నేను ఎదురు చెప్పబోయాను. అక్క చాటుగా నా కాలు తొక్కింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. నోరు మూసుకుని చేపముక్క తిన్నాను.

ఒక్కరోజుతో అంతా సర్దుకుందని చెప్పను. ఆ తర్వాత కూడా మాట పడిపోయిన రోజులు ఉన్నాయి. అలాంటప్పుడు అక్క కబురు పంపేది, నేను వెళ్ళి ఆయన వెక్కిరించుకోవడానికి ఎదురుగా కూర్చునేవాణ్ణి. తొలకరికి బావ మళ్ళీ మిరప నారు పోశాడు. అటక మీది డబ్బాల సంగతి అక్కా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మిరప కోతలయ్యాక ఒకరోజు బావ మోపెడు మీద మా ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తలెత్తి అటకకేసి చూశాడు.

"అది దింపరా."

ఏడాది దాటినా నాకు ఆ డబ్బాల భయం పోలేదు. "ఏది బావా?" అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూశాడు. "ఆ డబ్బాల సంగతి నాకు తెలుసులేరా. మీ అక్క మూటగట్టేటప్పుడు నేను నిద్రపోలా. మెలకువగానే ఉన్నా."

నేను ఆయన ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"తీసకపోతే బాగుండుననుకుంటానే కళ్ళు మూసుకున్నా," అన్నాడు బావ. "తీసకపోయింది."

నేను ఎటు చూడాలో తెలియక గ్లాసుకేసి చూశాను.

"అయ్యి కాలం చెల్లిపోయుంటయ్. ఊరవతల గొయ్యి తీసి పూడ్చిపెట్టు," అన్నాడు. "కర్ర దింపు. పోటు టయానికి పోవాలి."

కర్ర దింపి, దుమ్ము దులిపి ఆయన చేతికిచ్చాను. దారిలో రొయ్యలు కొనాలేమో అన్నాను. బావ మోపెడు సంచీలోంచి స్టీలు డబ్బా తీసి మూత తెరిచి నా ముక్కు కింద పెట్టాడు. లోపల ఎర్రగా కారం పట్టించిన రొయ్యలు, ఘాటుకి తుమ్మొచ్చింది.

"ఈసారి మన కాయేరా," అన్నాడు. "నువ్వు మాత్రం ముట్టుకోమాక."